ఏడు నెలల జీతం

పొద్దున్నే మిషన్ ముందు కూర్చుని దారం కొస తడిపి సూదిలోకి ఎక్కించబోయింది ఆమె. నాలుగుసార్లు గురి తప్పింది. కుడికంట్లో శుక్లం ముదిరినప్పటి నుంచి సూదే సరిగా కనబడడం లేదు, ఇక దాని బెజ్జం ఎక్కడ కనబడుతుంది?

"ఇటివ్వమ్మా," అంటూ కూతురు వచ్చి ఒక్క విసురులో ఎక్కించేసింది. "ఊరందరి బట్టలూ కుడతావు, దారం మాత్రం నేనెక్కించాలి. కూలి ఇవ్వు."

"కని పెంచానుగా, అందులో చెల్లు వేసుకో."

కూతురు నవ్వింది. మందుల షాపులో పని తనది, ఆ రోజు సెలవు. ఆమె భర్త గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. ఇనుప సామాన్ల కొట్లో బిల్లులు రాస్తాడు.

"ఏవండీ, ఇవాళ నేనూ పిల్లా పెన్షన్ ఆఫీసుకెళ్తున్నాం," అంది ఆమె.

బూటు లేసు మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఎందుకిప్పుడు? పెన్షన్ మొదలవడానికింకా ఆరేళ్లుందిగా?"

"ఆరేళ్లు నా కళ్లు ఆగొద్దూ? మొత్తం ముందే తీసేసుకోవచ్చట. ఆ తర్వాత నెలనెలా ఏమీ రాదు, అంతేగా. రేపటి పాయసం కోసం ఇవాళ పస్తుంటామా?"

"ఆపరేషన్ డబ్బు సంగతి నేను చూస్తానన్నాను కదే. నాలుగు రోజులాగు."

"నాలుగు రోజులు, నాలుగు రోజులంటూ నాలుగు నెలలు చేశారు. ఆపరేషన్ ఇంకా ఆలస్యమైతే కష్టమని డాక్టరు మీ ముందేగా చెప్పాడు?"

ఆయన లేసు బిగించుకుని వెళ్లిపోయాడు. కట్టిన క్యారేజీ బల్ల మీదే ఉండిపోయింది.

యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పదహారేళ్లు పనిచేసింది ఆమె. నెలనెలా జీతంలోంచి కోసిన కాస్త కాస్తా కలిసి ఆ చిన్న పెన్షన్ అయింది. మోకాళ్లు అరిగి ఫ్యాక్టరీ మానేసి, ఇంట్లో మిషన్ పెట్టుకున్నాక కూడా దాని జోలికి పోలేదు. పిల్ల చదువుకు పుస్తెలు తాకట్టు పెట్టింది కాని దాన్ని ముట్టుకోలేదు. ముసలితనంలో ఎవరి ముందూ చెయ్యి చాచకుండా మందుబిళ్లలు కొనుక్కోవచ్చన్నదొక్కటే ఆమె ఆశ.

ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా కళ్లద్దాలు సవరించుకుని కంప్యూటర్‌లో చూసింది. మళ్లీ చూసింది.

"ఇది మూసేసిన ఖాతా కదమ్మా? మూడేళ్ల కిందటే మొత్తం తీసేసుకున్నారు."

"నేనా?"

గుమాస్తా లోపలికి వెళ్లి పాత దరఖాస్తు తెచ్చి ముందు పెట్టింది. కూతురు గబగబా చదివింది. ఆమె చదవలేదు. అంత మసకలోనూ కాగితం అడుగున ఉన్న సంతకాన్ని గుర్తుపట్టింది. చివరి అక్షరానికి తోకలా లాగిన గీత తన చేతిదే.

ఆ రోజు కూడా గుర్తొచ్చింది. ముప్ఫై స్కూలు గౌన్లు సాయంత్రానికి ఇవ్వాలి. ఆయన కాగితం తెచ్చి, "అడ్రసు మార్పించాలి, ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు. కట్టుకున్నవాడు చూపించిన చోట, చదవకుండానే, పెడలు మీంచి కాలైనా తియ్యకుండా పెట్టేసింది.

"మీ సంతకం కాకపోతే చెప్పండి," అంది గుమాస్తా గొంతు తగ్గించి. "ఫిర్యాదు రాసిస్తే పైకి పంపిస్తాను."

కూతురు తల్లి మొహంలోకి చూసింది.

"నాదేనమ్మా," అందామె. "మర్చిపోయాను. వయసు మీద పడుతోందిగా."

మెట్లు దిగుతుంటే కూతురు ఆమె భుజం పట్టుకుని ఆపింది. "అబద్ధమెందుకు చెప్పావు?"

"అబద్ధమేముంది? సంతకం నాదే."



ఇంటికొచ్చేసరికి పట్టపగలు ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లను చూడగానే లేచి నిలబడ్డాడు. కూతురు చెప్పులైనా విప్పలేదు.

"ఏం చేశావు నాన్నా ఆ డబ్బు? ఎవరికిచ్చావు?"

"ఎవరికీ ఇవ్వలేదు."

"మరి?"

"మీ అమ్మకే ఇచ్చాను," అన్నాడాయన. "నెలనెలా."

ఆమెకు ముందు అర్థం కాలేదు. ఆయన గోడకేసి చూస్తూ చెప్పుకుపోయాడు. మూడేళ్ల కిందట గోడౌన్ ఉద్యోగం ఒక్క పూటలో ఊడింది. ఏడు నెలలు పని దొరకలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని బస్టాండుకు వెళ్లేవాడు. ఒకే చోట కూర్చుంటే ఎవరైనా అడుగుతారని పూటకో బెంచీ మారేవాడు. ఒకటో తారీఖున ఇద్దరి పేరా ఉన్న బ్యాంకు ఖాతాలోంచి ఆ పెన్షన్ డబ్బు కొంత తీసి, కవర్లో పెట్టి, జీతమని తెచ్చి ఆమె చేతికిచ్చేవాడు.

"ఏడు నెలలు," అందామె. ఒక్కసారిగా ఏదో తట్టి గొంతు మారింది. "ఉండండి. ఒక నెల కవరు బరువుగా ఉంటే జీతం పెరిగిందన్నారు కదూ?"

ఆయన తల వంచుకున్నాడు.

"అందులోనే కదూ నేను మీకు చొక్కా కొన్నాను? యజమాని మీ విలువ ఇప్పటికి తెలుసుకున్నాడని పక్కింటావిడకు గొప్పగా చెప్పుకున్నాను కదూ? నా రెక్కల కష్టం నా చేతిలోనే పెట్టి నాతోనే మెప్పు పొందారు! దొంగ కూడా ఎత్తుకుపోయి ఊరుకుంటాడు కదండీ. మళ్లీ ఇంటికొచ్చి దండ వేయించుకోడు!"

"ఉద్యోగం ఊడిన రోజే చెబుదామని వచ్చాను," అన్నాడాయన. "నువ్వు ఫోన్లో మీ చెల్లెలితో మాట్లాడుతున్నావు. మీ మరిది పని పోగొట్టుకున్నాడు అప్పుడు. 'పనిలేని మగాడికి పెట్టే అన్నం కుక్కకు పెడితే ఇల్లయినా కాస్తుంది' అన్నావు. గుమ్మంలో విన్నాను. లోపలికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాను. ఇంక నోరు రాలేదు."

ఆ మాట అన్నట్టు ఆమెకు గుర్తుంది. చెల్లెలు నవ్విందని ఇంకోసారి కూడా అంది.

"నా నోరు చెడ్డదే," అంది చివరికి. "కాని నేనన్నది ఒక్క మాట. మీరు నాటకమాడింది ఏడు నెలలు. ఆ తర్వాత రెండేళ్ల పైనే దాచారు. నా కళ్లు పోతుంటే కూడా నాలుగు రోజులాగమన్నారు."

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఏడవకండి. మీరేడిస్తే నేను ఓదార్చాలి. ఇవాళ నాకంత ఓపిక లేదు."

ఆ రోజు మిషన్ చప్పుడు కాలేదు. కూతురు వండింది. ముగ్గురూ ముగ్గురు పరాయివాళ్లలా తిన్నారు.

మర్నాడు తెల్లవారేసరికి ఆయన ఇంట్లో లేడు. ఎనిమిదింటికి ఫోన్ చేసి, "పెద్దాసుపత్రికి రండి. కళ్ల విభాగంలో లైన్లో ఉన్నాను. ఉచితంగా చేస్తారట, చీటీ రాయించాను," అన్నాడు. వెళ్లకూడదనే అనుకుంది ఆమె. "ఆయన మీద కోపం కంటి మీద చూపిస్తావా అమ్మా?" అని కూతురు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

వరండా నిండా జనం. ఆయన పదకొండో నంబరు చీటీ ఆమెకిచ్చి, ఆమె కూర్చున్న బల్ల పక్కనే గోడకానుకుని నిలబడ్డాడు. కూతురు ఓపీ పుస్తకం కొనడానికి వెళ్లింది.

"ఒక సంగతి చెప్పాలి," అన్నాడాయన ఉన్నట్టుండి. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "నిన్న పని మధ్యలో వచ్చేశాను కదా. ఇవాళ కూడా సెలవు కావాలని ఫోన్ చేస్తే, ఇంక రానక్కర్లేదన్నాడు కొట్టు యజమాని."

ఆమె మొహం తిప్పి చూసింది. "ఎప్పుడన్నాడు?"

"ఇప్పుడే. పది నిమిషాలైంది."

పది నిమిషాలు. ఆమె నోట్లోకి ఏదో పదునైన మాట వచ్చింది. వచ్చిన దాన్ని వచ్చినట్టే లోపలికి మింగేసింది. నిన్నటి నుంచి బిగపట్టిన కన్నీళ్లు, మసకబారిన కంట్లోంచీ, బాగున్న కంట్లోంచీ ఒకేలా కారాయి.

"నేనింకా క్షమించలేదు," అంది కొంగుతో తుడుచుకుంటూ.

"తెలుసు."

ఆమె బల్ల మీద కొంచెం పక్కకు జరిగింది.

"కూర్చోండి. ఎంతసేపని నిలబడతారు?"