పొద్దుగూకంగనే ఆగే మోటరు

జనగామ దాటినంక సూర్యాపేట తొవ్వల ఉన్న ఆ పత్తి జిన్నింగు మిల్లుకు పేరు మంచిది కాదు. దీపాలు వెట్టే యాళ్లకు అక్కడి పెద్ద మోటరు ఉన్నట్టుండి ఆగిపోతది. కొండల్ అనే హమాలీ సరిగ్గ అదే యాళ్లకు గింజల కాలువల వడి సచ్చిపోయిండు. ఆయనే ఆపుతున్నడని అందరనేది. కూలోళ్లు చీకటి వడకముందే సద్దిగిన్నెలు సదురుకునేటోళ్లు.

మా పక్కింటి షంషుద్దీన్ మామ మోటర్లు బాగుచేస్తడు. ఇది ఆయన నోటినుంచే విన్న.

సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు. బొగ్గుబాయిలు బందయి, కరెంటు ఎప్పుడు వోతదో ఎప్పుడొస్తదో తెల్వదు. మిల్లు సేటు కబురు వెడితే మామ స్కూటరు మీద వోయిండు. మోటరును నడిపే పెట్టెను డ్రైవంటరు. అది పాతది — కంపెనీ దాన్ని చేసుడు బంద్ వెట్టి ఏండ్లయింది. సామాను దొరకది. దాన్ని నడిపే తీరు రాసిన పుస్తకం ఎన్నడో పోయింది. దాని సంగతి తెలిసినోడు మామ ఒక్కడే.

పొద్దంతా చూసిండు. వోల్టేజి బాగనే ఉన్నది. వేడెక్కుతలేదు. మోటరు తీగలిప్పి ఒట్టి డ్రైవును నడిపిండు — నడిచింది. మళ్ల కలిపిండు — నడిచింది. కరెంటు మాటిమాటికి వోతున్నదని, అది రాంగనే మోటరు దానంతటదే తిరిగేటట్టు కూడ వెట్టిండు. ఆ డ్రైవుల ఆ సౌలతున్నది.

పొద్దుగూకింది... టక్.

మోటరు ఆగింది. డ్రైవు తెరమీద రెండక్షరాలు — ఈ, ఎఫ్.

"ఏమంటున్నది భాయ్?" ఆపరేటర్ యుగేందర్ మెల్లగ అడిగిండు.

"నాకేం రోగం లేదు... బయటికెల్లి ఎవరో ఆపుమన్నరు, అంటున్నది."

యుగేందర్ మొఖం పాలిపోయింది. అంతల కరెంటు కూడ వోయింది.

"నేను దీక్షా శిబిరం కాడ కనవడొస్త భాయ్. బంద్‌ల మిల్లు నడుస్తున్నదంటే గొడవైతది, షట్టర్ దించుతున్న" అనుకుంట బయట తాళమేసి ఉరికిండు.

డ్రైవుకెల్లి సన్న తీగ ఒకటి గోడెంబడి పోతున్నది. టార్చి వట్టుకుని మామ దాని ఎంట వోయిండు. అది గింజల కాలువ దిక్కు దిగింది. ఆ కాలువల పొడుగాటి ఇనుప మర ఆ పెద్ద మోటరుతోనే తిరుక్కుంట పత్తిగింజల్ని అవుతలికి తోస్తది. కరెంటు లేదు గదా అని దిగిండు.

కాళ్లకింద గింజలు జారినయి. కాలు మర రెక్కల నడుమ ఇరుక్కున్నది. టార్చి వడి ఆరిపోయింది.

గుంజిండు. రాలే. ఇంకింత గుంజిండు — బూటు ఇంకా బిగుసుకున్నది.

అప్పుడు యాదికొచ్చింది... కరెంటొస్తే మర దానంతటదే తిరుగుతది. అట్ల వెట్టింది తనే. మెయిన్ స్విచ్చి ఆపకుండ దిగింది తనే.

"యుగేందర్!"

గొంతు షట్టర్ దాటలే. దూరంగ శిబిరంల మైకు మోగుతున్నది.

చీకట్ల... ఎవరిదో ఊపిరి. గాజుల సప్పుడు.

మామ కల్మా చదువుకున్నడు. బిడ్డ ఫర్హానా కండ్లల్ల మెదిలింది.

బల్బు ఎలిగింది.

పైన డ్రైవు ఫ్యాను గుయ్యిమన్నది. మామ కండ్లు గట్టిగ మూసుకున్నడు. ఒకటి... రెండు... మూడు...

మర కదల్లే.

"జల్ది కాలు తియ్యన్నా..." గోడకాడికెల్లి గుసగుస. "నేను వట్టుకునే ఉన్న."

లేసులిప్పిండు. బూటు ఆడనే ఇడిచి, తోలు గీసుకపోతున్నా పాదం గుంజి పైకెక్కిండు. ఉరికి మెయిన్ ఆపి, తిరిగి చూసిండు.

గింజల కుప్ప ఎనుక ఒక ఆడమనిషి. ఆ సన్న తీగ చివర, గోడకున్న మోటరు ఆపే తుప్పువట్టిన బటన్ మీద బొటనవేలు. మిల్లు ఊడ్చే వజ్రమ్మ — కొండల్ పెండ్లాం.

"ఇగ ఇడువు చెల్లె. మెయిన్ ఆపిన."

ఆమె ఇడిచింది. వేలు మాత్రం వంగలే.

"రోజూ... నువ్వేనా?"

"గీ యాళ్లకు కాలువ కానరాదన్నా. దగ్గరికి ఎవలన్న వోతె నా పానం ఆగది. గీ బటన్ ఉన్నదని ఆయన వడ్డ దినం ఎవ్వలకు తెల్వలే..." కొంగు నోట్లె కుక్కుకున్నది. "సేటుకు చెప్పకు. పనిల కెల్లి తీసేస్తడు."

పొద్దుగాల సేటొచ్చిండు.

"దొరికిందా షంషుద్దీన్?"

"దొరికింది సేటు. కాలువ మీద ఇనుప జాలి కొట్టియ్యాలె. అందాక ఇది గిట్లనే ఆగుతది."

"జాలికి, డ్రైవుకు ఏం సంబంధమయ్యా?"

"జాలి వడంగనే ఆగుడు బందైతది. కాకుంటె నాకు పైసలియ్యకు."

మూడోనాడు జాలి వడ్డది. ఆ పొద్దటి నుంచి మోటరు ఆగలే. కొండల్ శాంతించిండని సేటు డ్రైవు ముంగట కొబ్బరికాయ కొట్టిండు.

ముక్కలు పంచింది వజ్రమ్మ.