ప్రసన్నని తీసేసిన ఫోల్డర్

కౌంటర్ రెండింటికి మూసేస్తారు. ఒంటిగంటా పదయినా పూజిత లాప్‌టాప్‌లోకి తొమ్మిది కుటుంబాల కాగితాలు దిగలేదు.

అవేమీ చిన్నాచితకా కాగితాలు కావు. ఏక్‌బాల్‌పూర్‌లో కార్పొరేషన్ పనివాళ్ల పాత క్వార్టర్స్ పడగొడుతున్నారు. తాతల నాటి నుంచీ అక్కడే ఉంటున్నామని పెన్‌డ్రైవ్‌లో రుజువులిచ్చినవాళ్లకే కొత్త గది. ఇవాళే ఆఖరు. రాని తొమ్మిదింటిలో పూజిత వాళ్లవీ ఉన్నాయి.

కార్పొరేషన్ ఆఫీసు వరండాలో, వాన జల్లు మీద పడుతుంటే, సింక్ ఆపి మళ్లీ పెట్టింది. నెట్ మార్చింది. డిస్కులో చోటుందో లేదో చూసింది. ఎర్ర గుర్తు పోలేదు. చివరికి బ్రౌజర్‌లో క్లౌడ్ తెరిచింది. ఫైళ్లు అక్కడా లేవు.

"ఏటయ్యిందే? ఆ బాబుకి ఫోన్ సెయ్" అంది పక్కనే ఉన్న మామ్మ కాసులమ్మ.

"ఏ బాబు?" అంది పూజిత, ఎరగనట్టు.

ఎరక్కేం! ప్రసన్నకుమార్‌ది కరీంనగర్. సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. మూడు నెలలుగా ప్రతి ఆదివారం వచ్చి వాడలో కాగితాలన్నీ స్కాన్ చేశాడు. పోయిన ఆదివారం పదిమందిలో మామ్మ, "మా పిల్ల కోసమే వస్తన్నావా బాబూ?" అని అడిగేసింది. "కాదు మామ్మా, పని కోసమే" అన్నాడు మహానుభావుడు. పూజితకి ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లగానే షేర్ చేసిన ఫోల్డర్‌లోంచి అతని పేరు పీకేసింది.

ఇప్పుడు తట్టింది. మిగతావి తన లాప్‌టాప్ నుంచి ఎక్కినవి, ఆ తొమ్మిదీ మాత్రం అతని ఫోన్ నుంచి ఎక్కినవి. అతన్ని తీసేస్తే అతని ఫైళ్లూ పోయాయి. తన వేలితో తన కన్నే పొడుచుకుంది.

సిగ్గు చంపుకుని ఫోన్ చేసింది. ఏడు రింగులకి ఎత్తాడు.

"హౌరాల ఫ్రెండ్‌ని రైలెక్కించి లాంచ్‌ల వస్తున్న. చెప్పు."

"నిన్ను ఫోల్డర్లోంచి తీసీసాను. నీ ఫైళ్లన్నీ పోయాయి. రెండింటికి కౌంటర్ మూసేస్తారు."

ఇంజన్ చప్పుడు మీద అతను గొంతు పెంచాడు.

"తీసేసినవని ఆదివారమే చూసిన. కోపం తగ్గినంక పిలుస్తవనుకున్న."

"తిట్టాలంటే తర్వాత తిట్టు."

"ఫైళ్లు నా దగ్గర భద్రంగున్నయి. నన్ను మళ్లా కలుపు. ఈడ నెట్ అందుతలేదు, ఒడ్డు రానీ, ఎక్కిస్త."

పూజిత అతని పేరు కలిపి, తెర వంకే చూస్తూ కూర్చుంది. ఒంటిగంటా నలభైకి ఒకటి దిగింది. తర్వాత మూడు. యాభైకల్లా మొత్తం ఎనిమిది. తమ ఇంటిది మాత్రం తిరుగుతూనే ఉంది. యాభై ఆరుకి దాని మీద కూడా పచ్చ గుర్తు పడింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పరుగెత్తింది.

"తాడాతాడి, దీదీ" అని తొందరపెడుతూనే గుమస్తా రసీదు ఇచ్చాడు.

వరండాలోకి వచ్చి మళ్లీ ఫోన్ చేసింది. "అందరివీ తీసుకున్నారు. పనైపోయింది. ఇంక ఆదివారాలు నువ్వు రానక్కర్నేదు."

"పదిమందిల అడిగితే ఏం చెప్పాలె పూజితా? నీకు చెప్పకముందే మీ మామ్మకు చెప్పాల్నా?"

"అయితే నాకు సెప్పు."

"నువ్వంటే ఇష్టం. మొదటి ఆదివారం నుంచే."

పూజితకి కళ్లు చెమర్చాయి. మామ్మ పక్కన కూర్చుని, "ఈయనేదో సెప్తాడంట, విను" అంటూ ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టింది.