చుక్కలేని జీమ్

మునాఫ్ గొంతులోంచి రక్తం ఇంకా బుడగలు కడుతూనే ఉంది. అబూ హలీఫా పట్టణంలో ప్రాచీన రాతప్రతులు చదవగలిగిన ముసలాయన ఆయనొక్కడే. ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ నాగేంద్రప్రసాద్ ఆయన పిడికిలి విప్పి, చిరిగిన కాగితం తీసుకున్నాడు. అది నక్షత్రాల ఎత్తు కొలిచే ఆస్ట్రోలేబు గురించి పారశీక పండితుడు అల్ బిరూనీ రాసిన గ్రంథపు నకలు. అంచున రెండు అరబిక్ అక్షరాలు గీసి ఉన్నాయి.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు: "బ్నీద్ అల్ గార్ పేటలో ఒక విల్లా. మ్యూజియానికి పంపాల్సిన ఆస్ట్రోలేబు పీఠంలో ముఠా బాంబు పెట్టింది. గుట్టు తెలిసిందని టైమర్ నొక్కి పారిపోయింది. ముల్లు సరైన డిగ్రీ మీద నిలిపితే ఆగుతుంది. తప్పితే తక్షణం పేలుతుంది."

"డిగ్రీ?"

"నీ చేతిలోని అక్షరాలే. వాటిని చదవగలడనే ముఠా ఆయన్ని చంపింది. డబుల్ ఏజెంట్ దేవిక అక్కడే ఉంది. మనవైపేనంటోంది."

విల్లా గుమ్మంలో, బాంబు సంగతి తెలియని కాపలావాడు కత్తి దూశాడు. నాగేంద్రప్రసాద్ వాడి మోచేయి విరిచి, ముఖాన్ని గోడకేసి కొట్టాడు. పాలరాతి మీద పళ్లు రాలాయి.

లోపల పీఠానికి తీగతో కట్టేసి ఉంది సిద్ధమ్మ. ఆ ఇంటి పనిమనిషి, రాయచోటి మనిషి. కబురందించింది ఆమే. టైమర్ మీద నలభై సెకన్లు.

"ఇంటి మామా, అదే మా యజమానమ్మ, ఈ ఇత్తడి బిళ్ల తోమమంటే చింతపండేసి తోముతాంటి సార్. లోపల టిక్కుటిక్కుమనె. మీకు ఫోన్ చేసేది సూసి కట్టేసిరి. దేవునికి మొక్కుకోండి సార్!"

"మొక్కు నువ్వు చూసుకో అమ్మా, లెక్క నేను చూస్తా."

పాత ఖగోళ పండితులు అంకెలను అక్షరాల్లో రాసేవారు. మొదటిది లామ్, ముప్పై. రెండోదానికి చుక్క లేదు. అతని లెక్క అప్పటికే తేలింది. తేలనిది దేవిక సంగతి. పచ్చపట్టు అబాయాలో తలుపు దగ్గర నిలబడ్డ ఆమెకు కాగితం చూపించాడు.

"ఎంత?"

"ముప్పై మూడు. పెట్టేయండి. నేను కారు తీస్తా."

సరైన జవాబే. హైహీల్స్ చప్పుడు మాత్రం పరుగందుకుంది.

చింతపండుతో మెరుస్తున్న గీతల మీద ముల్లు ముప్పై మూడుకు చేరింది. టైమర్ ఒకటి దగ్గర ఆగింది.

"ఖలాసా సార్?"

"ఇంకొకటుంది." ఆమె కట్లు విప్పి, ఇత్తడి బిళ్ల ఊడదీసుకుని బయటికి నడిచాడు.

గేటు స్తంభం వెనక దేవిక చెవులు మూసుకుని బోర్లా పడుకుని ఉంది. నిజం చెప్పిన మనిషి అలా ఎందుకు పడుకుంటుంది? అతన్ని చూసి పిస్టల్ తీసింది. బిళ్ల గాలిలో తిరిగి ఆమె మణికట్టుకు తగిలింది. ఎముక పటుక్కుమంది.

"చుక్క లేకపోతే హా, ఎనిమిది కదా!" మూలిగింది. "మొత్తం ముప్పై ఎనిమిది కదా! ముప్పై మూడుకి పేలాలి కదా!"

"ఖగోళ పట్టికల్లో జీమ్‌కి చుక్క వదిలేసి తోక కత్తిరిస్తారు. మునాఫ్ గారు నేర్పారు. అది మూడే." పిస్టల్ అందుకుని, సంకెళ్లు వేశాడు. "అబద్ధం చెప్పాలన్నా అక్షరాలు సరిగ్గా వచ్చి ఉండాలి, దేవిక గారూ."