రాణి ముందు ముసుగు

శవం బోర్లా పడి ఉంది.

పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక మూడంతస్తుల పాత బిల్డింగ్. దాని వెనక ఇరుకు సందు. ఆ సందులో డ్రైనేజీ మూత పక్కన ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. జీన్స్ ప్యాంటు, ఆకుపచ్చ టీషర్టు. ఒక చెప్పు కాలికే ఉంది. రెండోది ఎగిరి గోడవారగా పడింది.

ఎస్సై నవీన జీపు దిగేసరికి ఉదయం ఏడు దాటింది. హెడ్ కానిస్టేబుల్ ఉప్పలయ్య అప్పటికే జనాన్ని వెనక్కి నెట్టి టేపు కట్టేశాడు. ఫొటోలు తీయడం అయ్యాక శవాన్ని వెల్లకిలా తిప్పారు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. ముక్కు మీద నుంచి గడ్డం దాకా ఖాకీ గుడ్డ. ముడి తల వెనక బిగించి ఉంది.

"గిదేంది మేడం, దొంగల లెక్క మొఖానికి గుడ్డ?" అన్నాడు ఉప్పలయ్య.

"మా సెంటర్ల మేడ మీదికి పోయేటోళ్ళందరు కట్టుకుంటరు సార్. రూల్ అది." టేపు అవతల నుంచి ఒక యువకుడు జవాబిచ్చాడు.

అతని పేరు సాయికిరణ్. ఆ బిల్డింగ్ ఒక రిహాబిలిటేషన్ సెంటర్. దెబ్బ తగిలిన పక్షులకు వైద్యం చేసి, కోలుకున్నాక బయట వదిలిపెడతారు. సాయికిరణ్ అందులో వార్డు ఇంచార్జి. 100కు ఫోన్ చేసింది అతనే.

చనిపోయిన అమ్మాయి హైందవి. ఈ మధ్యనే చేరిన ఎడ్యుకేటర్ ఇంటర్న్. స్కూళ్ళకు వెళ్ళి పిల్లలకు పక్షుల గురించి చెప్పడం ఆమె పని. వెంట రాణిని తీసుకెళ్ళేది. రాణి ఒక గద్ద. చైనా మాంజా కోసేసరికి ఒక రెక్క పూర్తిగా తీసేయాల్సి వచ్చింది. ఇక ఎగరలేదు కాబట్టి దానికి స్కూలు డ్యూటీ వేశారు.

"ఎప్పుడు చూసినవ్?" నవీన అడిగింది.

"ఆరున్నరకు మేడం. నేను వార్డుల ఉన్న. దబ్బుమని సప్పుడైంది. ఉరికొచ్చి చూస్తే రాణి గూడు తలుపు తెరిచుంది. అది పిట్టగోడ మీద కూసుంది. కిందికి చూస్తే..." సాయికిరణ్ శవం వైపు చెయ్యి చూపించాడు. "రాణిని పట్టనీకి వంగి ఉంటది. కాలు జారింది."

"ఎవరన్న ముట్టుకున్నరా?"

"లేదు మేడం. మీరొచ్చేదాక ఎవ్వల్ని దగ్గరికి రానియ్యలే. పిట్టలకు మాంసం పెట్టే మా సాయిలన్న సుత సందు మొగదలనే ఆగిండు."

శవం దగ్గర ఇంత పద్ధతిగా ఉండే మనుషులు నవీనకు తన సర్వీసులో పెద్దగా తగల్లేదు. మెచ్చుకోలుగా తల ఊపింది.

పైకి చూసింది. పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. యాక్సిడెంట్ అని రాసేయొచ్చు. మధ్యాహ్నం బందోబస్తు డ్యూటీ ఉంది. ఒంట్లో నిద్ర ఉంది. రాసేయాలనే అనుకుంది.

అప్పుడు ఆటో దిగింది హైందవి తల్లి దేవవ్వ.

సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేటలో చీరలకు ఫాల్, పీకో వేసుకుంటూ కూతుర్ని చదివించిన మనిషి. గుండెలు బాదుకోలేదు. నేరుగా వచ్చి నవీన చెయ్యి పట్టుకుంది.

"కాలు జారిందంటున్నరు. నా బిడ్డ చిన్నప్పటి నుంచి గోడలెక్కుతది, గుట్టలెక్కుతది. గట్ల జారే పిల్ల కాదు. పడ్డదా, పడేసిండ్రా? గదొక్కటి చెప్పు బిడ్డా. ఇంకేం అడుగ."

నవీన చెయ్యి విడిపించుకోలేకపోయింది.

"చెప్తనమ్మా," అంది. ఆ మాట ఇచ్చాక గానీ ఎంత పెద్ద మాట ఇచ్చిందో తెలిసిరాలేదు.

* * *

సెంటర్ నడిపే డాక్టర్ అభిలాష్ బంజారా హిల్స్ నుంచి వచ్చేసరికి శవాన్ని మార్చురీకి పంపేశారు. కుర్చీ లాక్కుని నవీన ఎదురుగా కూర్చున్నాడు.

"ముఖానికి గుడ్డ ఎందుకండీ?"

"బయట వదిలేయబోయే పక్షికి మనిషి ముఖం అలవాటు కాకూడదు మేడం. మనిషిని చూడగానే తిండి గుర్తొస్తే అది బయట బతకదు. అందుకే మెట్ల దగ్గరే గుడ్డ కట్టుకోవాలి. పైన మాట్లాడకూడదు."

"హైందవి వార్డుల్లోకి వెళ్ళేదా?"

"లేదండీ. పిల్లలతో, రాణితో తిరిగే మనిషి, ఆమెను వార్డులోకి రానివ్వం. అలాగే వార్డు వాళ్ళు రాణి వైపు వెళ్ళరు. ఒక దాని జబ్బు ఇంకోదానికి అంటకూడదు కదా. మధ్యలో గ్రీన్ నెట్ కట్టాం. రెండు వైపులా తిరిగేది నేనూ, మాంసం పెట్టే సాయిలూ. అంతే."

"పొద్దున ఎవరెవరు ఉన్నారు?"

"సాయికిరణ్, సాయిలు. నేను ఇంట్లో ఉన్నాను. కావాలంటే మా ఆవిడను అడగండి."

నవీన మేడ ఎక్కింది. మెట్ల చివర కొక్కేలకు ఖాకీ గుడ్డలు వేలాడుతున్నాయి. ఒకటి తీసి కట్టుకుంది. రెండు పక్కలా వార్డులు, మధ్యలో నడవ, చివర గ్రీన్ నెట్. పిట్టగోడ మాత్రం వెనక వైపు మొత్తం ఒకటే. ఎక్కడ నుంచి పడ్డా ఆ సందులోకే.

సాయిలు గిన్నెలో కోడిమాంసం ముక్కలతో నెట్ దాటాడు. గుడ్డ గడ్డం కిందికి దించుకుని, చెమట తుడుచుకుని, "రాణమ్మా, తిను బిడ్డా," అన్నాడు. గద్ద మెడ చాచి ముక్క అందుకుంది. అవతల మెట్రో రైలు వెళ్ళింది. అది తల కూడా తిప్పలేదు.

"నిన్న హైందవి ఏమన్న అన్నదా సాయిలన్నా?"

సాయిలు గొంతు తగ్గించాడు. "గుడ్లగూబ పిల్ల గురించి మేడం. ఒక బడి పిల్లలు తెచ్చిచ్చిండ్రు. రెక్క బాగైనంక మీ ముందట్నే ఎగరేస్తమని వాళ్ళకు మాటిచ్చిందట. సాయికిరణ్ సారును అడిగితే ఎప్పుడో వదిలేసినమన్నడు. నాకు చెప్పకుంట ఎట్ల వదులుతరని మస్తు గరమైంది. పొద్దుగాల వచ్చి మళ్ళ అడుగుత అన్నది."

"గుడ్లగూబలను వదిలేది ఎవరు?"

"ఆ సారే. బండి మీద డబ్బల పెట్టుకొని ఒక్కడే పోతడు."

దీపావళి దగ్గర పడింది. ఆ అమావాస్యకు గుడ్లగూబను బలిస్తే లక్ష్మి ఇంట్లో తిష్ట వేస్తుందని నమ్మే మూర్ఖులకు ఈ నగరంలో కొదవ లేదు. నవీనకు ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు మండినంత మాత్రాన కోర్టులో కేసు నిలబడదు.

* * *

జీపు మైత్రీవనం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లలు తూములోంచి నీళ్ళలా బయటికొస్తున్నారు.

అక్కడ ఒక పక్క సందు మొదట్లో లేడీస్ హాస్టల్. స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. ఎండకు, దుమ్ముకు చున్నీ ముఖమంతా చుట్టుకుంది. వాచ్‌మన్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె చున్నీ కిందికి లాగి ముఖం చూపించింది. అతను నవ్వి గేటు తీశాడు.

నవీన ఆ గేటు వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఫోన్ తీసి శవం ఫొటో చూసింది. పెద్దది చేసి మళ్ళీ చూసింది.

"జీపు తిప్పు," అంది డ్రైవర్‌తో.

* * *

సాయంత్రం ముగ్గురినీ మేడ మీదికి పిలిచింది. అందరూ గుడ్డలు కట్టుకున్నారు. ఉప్పలయ్య మెట్ల దగ్గర నిలబడ్డాడు.

నెట్ దగ్గర ఆగి, మాంసం గిన్నె సాయికిరణ్ చేతికిచ్చింది.

"రాణికి పెట్టు."

"నేనా మేడం? నేను గా దిక్కు పోనీకి లేదు."

"ఈ ఒక్కసారికి. డాక్టర్ గారు ఏమనరు."

సాయికిరణ్ నెట్ దాటాడు. గూటి ముందు వంగి ముక్క అందించబోయాడు.

రాణి మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. కీచుమని అరిచింది. వెనక్కి గెంతి జాలీకి కొట్టుకుంది. ఉన్న ఒక్క రెక్కతో కొట్టుకుని కొట్టుకుని కింద పడి, మళ్ళీ లేచి మళ్ళీ పడింది.

"గుడ్డ తీయ్!" డాక్టర్ అభిలాష్ మాట్లాడకూడదన్న తన రూలు తనే మరిచి అరిచాడు. "ముఖం చూపించు దానికి! చచ్చిపోతుంది!"

సాయికిరణ్ బిత్తరపోయి గుడ్డ లాగేశాడు. రాణి ఒక మూలకు ఒదిగి రొప్పుతోంది.

"ఎప్పుడూ ఇంతేనా డాక్టర్ గారూ?"

"ఎప్పుడూ ఇంతే. రెక్క తీసిందీ, సూదులు వేసిందీ ముసుగు కట్టుకున్న మనుషులే కదా. ముసుగు చూస్తే దానికి ప్రాణం మీదికొస్తుంది. అందుకే నెట్ దాటగానే గుడ్డ గడ్డం కిందికి దించాలి. హైందవికి మొదటి రోజు నేర్పింది అదే."

నవీన ఫోన్‌లో ఫొటో చూపించింది. డాక్టరూ, సాయిలూ శవం ముఖాన్ని చూడడం అదే మొదటిసారి. సాయిలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ముక్కు మీదికి గుడ్డ. వెనక బిగించిన ముడి. రాణి గూట్లోంచి బయటికొచ్చింది, పిట్టగోడ మీద ఉంది, పట్టుకుందామని హైందవి వంగింది. అంతేనా సాయికిరణ్?"

"అంతే మేడం."

"ముసుగేసుకొని పోతే రాణి ఆమె చేతికి దొరుకుతదా? లేకపోతే అటు నుంచి దునుకుతదా?"

"తొందరల మరిచిపోయి ఉంటది."

"రోజూ దించే గుడ్డ ఆ ఒక్క రోజు మరిచిందా? డాక్టర్ గారికి ఈ సంగతి తెలుసు. సాయిలన్నకు తెలుసు. వాళ్ళిద్దరిలో ఎవరు ఈ నాటకం ఆడినా గుడ్డను మెడకు వదిలేసేవాళ్ళు. ఈ మేడ మీద తెలియనిది ఒక్కడికే. ఎప్పుడూ నెట్ దాటనోడికి."

సాయికిరణ్ మాంసం గిన్నె కింద పెట్టాడు.

"గుడ్డ ల్యాబ్‌కు పోయింది. ముడి బిగించినోడి చెమట ముడిలోనే ఉంటది. శవాన్ని ఎవరూ ముట్టలేదని నువ్వే చెప్పినవ్. ఎందుకు కట్టినవ్?"

సాయికిరణ్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"ఉత్త మొఖంతోని ఉంటే... పనికి రాలే, కొట్లాటకు వచ్చిందనుకుంటరని. కొక్కెం మీది గుడ్డ తీస్కపోయి కట్టిన. మళ్ళ పైకొచ్చి నెట్ ఇవతల్నుంచే కట్టెతోని రాణి గూడు గొళ్ళెం తీసిన."

"అంతకుముందు?"

"మెట్ల కాడ నిలదీసింది. గుడ్లగూబ ఏదని. ఫోన్ తీసి డాక్టర్ సార్‌కు చెప్త అన్నది. గుంజుకోబోయిన. ఇయ్యలే. పిట్టగోడ దిక్కు జరిగింది. తోసిన మేడం." ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "చంపాలని కాదు."

"గుడ్లగూబలు ఎక్కడ?"

అమీర్‌పేటలో అతనుండే హాస్టల్ గదిలో, దీపావళి బలికి అమ్మడానికి దాచినవి మంచం కింద అట్టపెట్టెలో దొరికాయి. మూడు. కాళ్ళు సుతిలి తాడుతో కట్టేసి ఉన్నాయి. రెండు అప్పటికే బిగుసుకుపోయాయి. స్కూలు పిల్లలు తెచ్చిచ్చిన పిల్ల ఆ రెండింట్లో ఒకటి. సాయిలు దాని కాలికి వేసిన రింగు చూసి గుర్తుపట్టాడు. బతికున్నదాన్ని గుడ్డలో చుట్టి ఛాతీకి ఆనించుకుని మెట్లు దిగాడు.

* * *

దేవవ్వ మార్చురీ బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది. ఎవరో తెచ్చిచ్చిన టీ గ్లాసు పక్కనే మీగడ కట్టింది.

నవీన నిలబడే అంతా చెప్పింది. దాచలేదు. గుడ్డ సంగతి, గుడ్లగూబ సంగతి, ఫోన్ గుంజుకోవడం, తోయడం. ఆఖరికి అరెస్టు సంగతి. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానన్న తృప్తి కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు.

దేవవ్వ అంతా విన్నది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"వాడు మా ఇంటికి వచ్చిండు బిడ్డా. మా పిల్లను బండి మీద దింపనీకి. లోపలికి రా అని పిల్చి, నా చేతులతోని అన్నం పెట్టిన."

దేవవ్వ తన అరచేతులు చూసుకుంది.

"పొద్దుగాల నిన్ను అడగకపోతే మంచిగుండు. కాలు జారిందంటే దేవున్ని తిట్టుకుంట బతుకుదును. గిప్పుడు అన్నం ముందట కూసున్నప్పుడల్ల వాడే యాదికొస్తడు. నేనెట్ల తినాలె, చెప్పు."

నవీన టోపీ తీసి ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి శవాన్ని తీసుకెళ్ళమని లోపలి నుంచి కేక వేశారు. ఇద్దరూ లేచారు.