కుక్కర్ కోసం వచ్చిన పిల్ల

"కుక్కర్ ఇచ్చేస్తున్నారట?"

వాన నీళ్ళు ముక్కు మీంచి కారుతుంటే తలుపు దగ్గర నిలబడి అడిగింది ఆ పిల్ల.

చదువైపోయి ఇంటికి పోయేవాళ్ళు, ఉండిపోయేవాళ్ళకి సామాను ఇచ్చి పోవడం పరాయిదేశంలో మన పిల్లల రివాజు. సోడాబుడ్డి కళ్ళద్దాల అబ్బాయి వారంలో పోతున్నాడు.

"బకెట్టు కూడా తీసుకోండి."

"ఒక్కసారే మొయ్యలేను. రేపొస్తా."

మర్నాడు బకెట్టుకొచ్చింది. ఆ మర్నాడు గరిటెకొచ్చింది. ఒక్క గరిటెకి!

"ఇక్కడే ఉద్యోగం ఇస్తామన్నారటగా, పోవడమెందుకు?"

"మా నాన్నకి మోటార్లు బాగుచేసే షాపుంది. ఇక్కడ కంప్యూటర్లో మోటారు బొమ్మే చూస్తున్నా. గ్రీజు అంటక చేతులు దురద పెడుతున్నాయి. మీరెందుకు ఉండడం?"

"వినపడని పిల్లలకి చెవి మిషను పెట్టే పని నేర్చుకుంటున్నా. మొదటిసారి అమ్మ గొంతు విన్న పసిదాని మొహం ఎప్పుడైనా చూశారా? సగంలో వదిలి ఎలా పోను?"

అబ్బాయి గరిటె చేతికిచ్చి ఆలోచనలో పడ్డాడు. ఇష్టమని చెబితే ఆ పిల్ల పనికి అడ్డుపడినట్టు. చెప్పకపోతే తన బతుకు చెడినట్టు.

మర్నాడు పరుపు తనే మోసుకెళ్ళాడు. ఆ పిల్ల రూమ్మేట్ తలుపు తీసి నెత్తి కొట్టుకుంది.

"మళ్ళీ సామానా! అక్కా, మనకి ముందే రెండు కుక్కర్లుండగా మూడోది ఎందుకే?"

వెనకే వచ్చిన ఆ పిల్ల మొహం దాచుకుని లోపలికి పరుగు. అబ్బాయి మెట్లు ఎలా దిగాడో వాడికే తెలీదు. గదికొచ్చి నాన్నకి ఫోన్ చేశాడు. మోటార్ల రొదలో పెద్దాయన చెవులు మందగించాయి, ఏం చెప్పినా అరిచి చెప్పాల్సిందే.

"నాన్నా, ఒక పిల్ల నచ్చింది!"

"గట్టిగా చెప్పరా!"

"ఒక పిల్ల... నచ్చిందీ!"

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. మెట్ల మీద ఎవడో ఈల వేశాడు.

"ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు! నాకోసం పని మానుకోమని ఎలా అడగను!"

"మానుకోమని ఎవడన్నాడురా? ముందు చెప్పి ఏడువు!"

వెనక దగ్గు వినిపించింది. గుమ్మంలో ఆ పిల్ల.

"ఇంక... ఇంక సామానేం లేదండీ."

"సామాను ఎవరిక్కావాలి?" అంటూ ఫోన్ లాక్కుంది. "మామయ్యగారూ! మీ ఊళ్ళోనూ వినపడని పిల్లలుంటారుగా? రెండేళ్ళు పని నేర్చుకుని వస్తా. అందాకా మీవాణ్ణి మోటార్ల మధ్య కట్టిపడెయ్యండి!"

పెద్దాయన ఒక్క ముక్కయినా మళ్ళీ చెప్పమనలేదు.

"ఒరేయ్, ఈ పిల్ల గొంతు నాకు భేషుగ్గా వినపడుతోందిరా!"