అండాలు కూర్చునే బండి

షాద్‌నగర్ నుంచి కొందుర్గు దాకా జీపు తోలేవాడికి ప్యాసింజర్ల ముఖాలు చూసే తీరిక ఉండదు. తలలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది. నేనూ అట్లాగే బతికాను, ఆ బుధవారం వరకు.

జీపు కిక్కిరిసి ఉంది. బయల్దేరదామని గేరు వేశానో లేదో, ఒకమ్మాయి వచ్చి అడ్డంగా నిలబడింది. చేతిలో నీలం రంగు టీకాల డబ్బా, చంకలో గొడుగు.

"డబ్బా పైన ఎయ్యి మేడం, పోదాం," అన్నాను.

"పైన ఎయ్య. లోపల పిల్లల టీకాలున్నయి. ఎండ తగిలితె పాడైతయి."

"అయితె ఒళ్ళె పెట్టుకో."

"కూసునేటందుకు జాగుంటె గద ఒళ్ళుండేది."

జీపంతా గొల్లుమంది. ఆ తొవ్వలో ఎవరికైనా ఎదురు మాట చెప్పే ఎల్లస్వామి, అంటే నేను, ఆ పూట ఓడిపోయాను. నా పక్కన కూర్చున్న ఇద్దరినీ వెనక్కి తోలి, భుజం మీది తువ్వాలతో సీటు దులిపాను. ఆమె ఎక్కి కూర్చుంది. డబ్బా మా ఇద్దరి మధ్య పెట్టింది.

పేరు అండాలు. పల్లెలో పిల్లలకు టీకాలు వేసే కొత్త నర్సు. సొంతూరు భువనగిరి, షాద్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటోంది. వారం తిరక్కుండానే తొవ్వ పొడుగునా అందరికీ ఆమె సిస్టర్ అయిపోయింది. నా నోటికి మాత్రం ఆ పిలుపు ఎంతకీ రాలేదు. చచ్చినా రాదని నాకు తెలుసు. మేడం అనే పిలిచేవాణ్ణి.

ఆ రోజు నుంచి ముందు సీటు ఆమెదే. అందులో ఇంకో ఇద్దరు హాయిగా పడతారు. నేను పడనివ్వలేదు. ఎవడైనా ఎక్కబోతే, "డబ్బా ఉన్నది, కనబడ్త లేదా?" అని కసురుకునేవాణ్ణి. డబ్బా మా అమ్మ సద్ది గిన్నె కంటే పెద్దదేమీ కాదు.

వానలు మొదలయ్యాయి. మా జీపు టాపు కారేది, అదీ సరిగ్గా నా నెత్తి మీదే. ఒకరోజు అండాలు జీపులోనే గొడుగు తెరిచి నా వైపు వంచింది. నన్ను చూడలేదు, రోడ్డునే చూస్తోంది.

"తోలేటోనికి జరమొస్తె మేమెట్ల ఊరు చేరాలె?" అంది.

ఆ వాన కొందుర్గు దాటినా ఆగకూడదని మొక్కుకున్నాను. ఊరు రాకముందే ఆగిపోయింది, పాడు వాన.

తర్వాత ఒక పొద్దున ఆమె చోటే మియా సుమో ఎక్కింది. చోటే మియా పెద్దమనిషి, ఈ మధ్యే సెకండ్ హ్యాండ్ సుమో తెచ్చి మా తొవ్వలో తిప్పుతున్నాడు. పొరపాటున ఎక్కిందేమో అనుకున్నాను. మర్నాడూ అదే ఎక్కింది. నా జీపు ముందు నుంచే పోయింది, తల తిప్పలేదు. నేను ఖాళీ సీటు పక్కన పెట్టుకుని తోలాను. ఎవరైనా కూర్చుంటానంటే కోపం వచ్చేది, ఎవరూ కూర్చోకపోతే ఏడుపు వచ్చేది.

కూరగాయలమ్మే లక్ష్మీనర్సమ్మ వెనక సీట్లోంచి అందుకుంది. "సుమోల సీట్లు మెత్తగున్నయంట కొడుకా. నీ సీటు మీద కూసుంటె నడుములు ఇరుగుతయి. సిస్టర్ ఏం జేస్తది? ఆత్మకూర్‌కు బదిలీ గూడ అడుగుతదంట."

బదిలీ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. సాయంత్రం నా ముందు సీటు చూసుకున్నాను. స్పాంజి కుంగిపోయింది, ఒకచోట స్ప్రింగు పైకి లేచింది, దాని మీద గోనె సంచి కప్పి ఉంది. పాపం, ఇన్నాళ్ళూ దీని మీద కూర్చుని ఒక్క మాట అనలేదు. బండి మార్చాలి. ఆత్మకూర్ పోకముందే మార్చాలి.

పాత బండ్లు అమ్మే అబ్దుల్ ఖాదర్ దగ్గరికి పోయాను. చోటే మియాకు సుమో ఇప్పించిందీ ఆయనే, సొంత బావ. నా చంకలో టీకాల డబ్బా అంత అట్టపెట్టె ఒకటి ఉంది. కొలతకు తెచ్చుకున్నాను.

మొదట ఆర్మడా బండి ఎక్కాను. సీటు బాగుంది కానీ, పాత ఓనర్ పాటల డబ్బాలు బిగించి కాళ్ళ దగ్గరి జాగా అంతా మింగేశాడు. అట్టపెట్టె పెడితే కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. ట్రాక్స్ బండి విశాలంగా ఉంది, ఒక పెళ్ళి బరాత్ మొత్తం పడుతుంది. కాకపోతే దాని సీట్లు పాతబడి రేకులా అయ్యాయి. సుమోలో నడిమి సీటు మీద కూర్చుంటే మాత్రం మనిషి కొంచెం లోపలికి దిగి కుదురుకుంటాడు, వీపుకు ఆనుడు ఉంది. అట్టపెట్టె కాళ్ళ దగ్గర నిలిచింది. ఎక్కి దిగి, దిగి ఎక్కి చూశాను.

"ఖాదర్ భాయ్, గీ మెట్టు చీర కట్టుకున్నోళ్ళకు ఎత్తయితదా?"

ఆయన బీడీ తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "అందరొచ్చి డీజిల్ ఎంత తాగుతది అంటరు. ఇంజన్ ఇప్పి చూస్తరు. నువ్వు చీర ముచ్చట అడుగుతున్నవ్. ఎవరయ్యా కూసునేది?"

"ప్యాసింజర్లు."

"అందరా, ఒక్కరా?"

అట్టపెట్టె ఎత్తుకుని, ఆదివారం వచ్చి ఖాయం చేస్తానని చెప్పి వచ్చేశాను.

ఆదివారం వాన పట్టుకుంది. ఖాదర్ భాయ్ గదిలో చాయ్ తాగుతున్నాడు. నేను రేకుల పందిరి కింద ఉన్న సుమో నడిమి సీట్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. ఇట్లాంటి సీటు చోటే మియా బండిలో ఆమెకు రోజూ దొరుకుతూనే ఉంది. ఇక నా బండి ఎందుకు ఎక్కుతుంది?

తల ఎత్తితే, తెరిచిన సుమో తలుపు దగ్గర అండాలు నిలబడి ఉంది.

"జీపు అమ్ముతున్నవంట. చోటే మియా చెప్పిండు," అంది.

"సుమోల సీట్లు మెత్తగున్నయని నువ్వు..."

"నేననలే. చోటే మియా బండిల నేను ఎన్కాల అడ్డసీటు మీద కూసుంట. మోకాళ్ళకు మోకాళ్ళు తాకుతయి. మెత్తగెక్కడిది?"

"మరి ఎందుకు పోయినవు?"

ఆమె గొడుగు మూసి, తలుపు పిడి పట్టుకుంది. "నీ జీపుల నా ఒక్కదానికి గంత జాగ. ఎన్కాల బాలింత పిల్లనెత్తుకొని ఒంగి నిలబడ్డది. ముందట నేను దొరసాని లెక్క. టీకాలకాడ ఆడోళ్ళు సూది ముచ్చట ఇడిశిపెట్టి, 'ఆ డ్రైవర్ నీకేమైతడు సిస్టర్' అని అడుగుతున్నరు."

సీటిస్తే గౌరవమనుకున్నాను. ఆమెను ఊళ్ళ నోట్లో పెట్టానని నాకు తోచలేదు.

"నువ్వేం చెప్పినవు?"

"ఏం గాడని చెప్పిన." గొంతు తగ్గింది. "ఆ మాట చెప్పిన దినం నాకు బువ్వ దిగలే. ఏం గానోడైతె ఎందుకు దిగదు? నువ్వా, అద్దంల చూస్తవు, సీటు తుడుస్తవు, నోరు తెరవవు. సీటిస్తె సరిపోతదా ఎల్లస్వామీ?"

నా పేరు ఆమె నోట వినడం అదే మొదలు.

"నువ్వంటె నాకు పానం అండాలూ," అన్నాను. "నువ్వు ఎక్కకపోతె ఎంత తోలినా ఆ తొవ్వ ఒడుస్త లేదు. ఆత్మకూర్ పోకు."

ఆమె లోపలికి వంగి, అరచేత్తో సీటు నొక్కి చూసింది.

"మా ఇంటికి పిల్లనడుగ ఎవరెవరొస్తరు?"

"మా అమ్మ. చిన్నాయిన, చిన్నమ్మ, మేనమామ. కులం పెద్దమనుషులు."

"భువనగిరి దాక దూరముంది. మీ అమ్మను, చిన్నమ్మను గీ నడిమి సీట్ల కూసుండబెట్టు. పెద్దమనుషులు ఎన్కాల సర్దుకుంటరు. నేను ముందుగాల బస్సుల పోయి మా నాయినకు చెప్త."

"నువ్వే చెప్తవా?"

"నువ్వు చెప్పేదాక ఆగితె నేను ఆత్మకూర్ల రిటైరైత."

గదిలోంచి ఖాదర్ భాయ్ కేకేశాడు. "ఇంజన్ చూసేది ఉన్నదా, లేదా?" మేమిద్దరం నవ్వాము.

"ఎప్పుడు రావాలె?" అని అడిగాను.

"వచ్చే ఆదివారం," అని గేటు దాకా పోయింది. అక్కడ ఆగి, వానలో మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఆదివారం దాక నాతోని గాదు. గురువారం రా."

ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఇంజన్ చూడకుండానే సుమో ఖాయం చేయడానికి ఖాదర్ భాయ్ గదిలోకి ఉరికాను.