కూర్పులో లేని కొడుకు

2079 నాటికి పెద్దకార్యం భోజనాలకు వచ్చినవాళ్ళు నేరుగా విస్తరి ముందు కూర్చునేవారు కాదు. ముందు తలకు స్కానర్ పట్టీ కట్టించుకుని, పోయిన మనిషి గురించి తమకు గుర్తున్నదంతా అప్పజెప్పాలి. ఆ తర్వాతే పప్పూ అన్నం. అలా పోగైన జ్ఞాపకాలన్నీ కలిపి, పోయినవాణ్ణి మాట్లాడే హోలోగ్రామ్‌గా నిలబెట్టే యంత్రం పేరు స్మృతికూర్పు. జనం ఉత్త కూర్పు అనేవారు. కార్యం రోజు పొద్దుగుంకేలోగా దానికి ముద్ర పడాలి. పడ్డాక ఒక్క మాట కలపడానికి లేదు, తియ్యడానికీ లేదు.

పాలకొండలో కోరాడ త్రినాథ్ పెద్దకార్యం నాడు నూట నలభై రెండు మంది పట్టీ కట్టించుకున్నారు. త్రినాథ్ ముప్ఫై ఏళ్ళు హోటల్లో పెద్ద వంటవాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి గరిటె పక్కన పడేసి, మైదానానికి పోయి ఊరి పిల్లలకు కబడ్డీ నేర్పేవాడు. అందుకే ఊరందరికీ మాస్టారు. ఆయన సొంత కొడుకు మోహిత్ మాత్రం ఇంకా స్కానర్ కుర్చీ ఎక్కలేదు. పొద్దు గుంకడానికి ఇరవై నిమిషాలుంది.

“ఏటాలోసిస్తన్నావు?” అంది భార్గవి. ఒకప్పుడు మాస్టారి జట్టుకు కెప్టెన్, ఇప్పుడు నడుం పట్టేసిన యాభై ఏళ్ళ మనిషి. “కొడుకువి, నీదే లేకపోతే ఎలాగ?”

“మీ అందరివీ ఉన్నాయి కదేటి. నా కాడున్నది ఒక్కటే. అదిస్తే మీకు నచ్చదు.”

కూర్పు నడిపే డాక్టర్ సుచరిత అతణ్ణి పక్కగదిలోకి పిలిచింది. పొద్దున్న అతనికి చేసిన నమూనా స్కాన్ తెర మీద ఉంది.

“జ్ఞాపకానికి యంత్రం బరువెలా కడుతుందో తెలుసా? ఎన్నిసార్లు తలుచుకున్నారన్నదాన్ని బట్టి. స్మరణసంఖ్య అంటాం. తలుచుకున్న ప్రతిసారీ మెదడులో ఎన్‌గ్రామ్, అంటే జ్ఞాపకపు గుర్తు, ఇంకాస్త లోతుకు దిగుతుంది. బయటున్నవాళ్ళవి ఒక్కొక్కరివి యాభైలోపు. మీది పదకొండు వేలు దాటింది.”

“అయితే?”

“అందరివీ కలిపినా మీ ఒక్కటే ఎక్కువ తూగుతుంది. లేచి నిలబడేది మీకు గుర్తున్న మనిషే.”

మోహిత్‌కు గుర్తున్నది ఇది. అతనికి పన్నెండేళ్ళు. టోర్నమెంటుకు వచ్చిన మూడొందల మందికి నాన్న వండుతున్నాడు. కార్తీక సోమవారం, ఉపవాసం, రుచి చూడకూడదు. అలాంటప్పుడు మర్నాడు ఆటలో కూతకు వెళ్ళే ఆటగాణ్ణి పిలిచి ఉప్పు చూడమనేవాడు. ఆ రోజు మొట్టమొదటిసారి కొడుకును పిలిచాడు. సాంబారులో ఉప్పే లేదు. నాన్న మొహం చూసి భయపడి, సరిపోయిందన్నాడు మోహిత్. వడ్డన అయ్యాక అందరి ముందూ నాన్న అన్నాడు: “ఉప్పుకే బయపడి అబద్ధమాడినోడివి, రేపు కోర్టులో ఔటైపోయి కూడా అవలేదంతావు. నువ్వు నాకొద్దు.” ఆ మాట మీద పోయేదాకా నిలబడ్డాడు, కొడుక్కి మాత్రం ఆట నేర్పలేదు.

“ఇవ్వకపోతే?” అన్నాడు మోహిత్.

“ఇవ్వనని వేలిముద్ర వేసినవాళ్ళ పేరూ ముఖం మిగతావాళ్ళ జ్ఞాపకాల్లోంచి కూడా తుడిచెయ్యాలని చట్టం. లేచి నిలబడే మూర్తికి కొడుకుండడు. ఎదురుగా నిలబడ్డా మీరెవరో తెలీదు.” ఆమె గడియారం చూసింది. “ఎనిమిది నిమిషాలుంది.”

తలుపు దగ్గర నిలబడి భార్గవి అంతా వినేసింది.

“నాకు అమ్మా అయ్యా నేరు మోహిత్. ముద్దలు కలిపి నోట్లో పెట్టినాడు నాకు.”

“నాకెట్టనేదు.”

“తెల్సు. అందుకని కసి తీర్చుకుంతావా? మా అందరికీ ఆ మొహమే సూపిస్తావా?”

జ్ఞాపకం ఇస్తే నాన్న లేచి తనను గుర్తుపడతాడు. నాకెందుకు నేర్పలేదని ముప్ఫై ఆరేళ్ళుగా గొంతులో పెట్టుకున్న ప్రశ్న అందరి ముందూ అడగొచ్చు. జవాబు ఏమొస్తుందో కూడా తెలుసు. పదకొండు వేల సార్లు విన్నదే.

రెండు నిమిషాలు మిగిలి ఉండగా, ఇవ్వను అన్న గడిలో వేలు పెట్టాడు.

“మమ్మల్ని బతికించినావు,” అని భార్గవి కళ్ళొత్తుకుంది. అతను కాదనలేదు.

ముద్ర పడింది. పందిరి కింద యాభై ఏళ్ళ త్రినాథ్ భుజాన తువ్వాలుతో నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ ముద్దుపేర్లతో పిలిచాడు. భార్గవిని “ఒలే గున్నమ్మా” అన్నాడు. తల నెరిసిన ఆటగాళ్ళు పిల్లల్లా ఏడ్చారు. అందరినీ పలకరించాక ఆయన చూపు వెనక గుంజ దగ్గరున్న మోహిత్ మీద ఆగింది. ఆ మొహంలో ఇంట్లో ఏనాడూ కనిపించని మెత్తదనం వచ్చింది.

“ఎవులు బావూ నువ్వు? దూరంగా నిలుసున్నావేటి? బువ్వ తిన్నావా?”

మోహిత్ వేలిముద్ర వేసింది భార్గవి కోసం కాదు. ఊరి పిల్లలందరికీ దొరికిన ఈ పలకరింపు కొడుకన్నవాడికి దొరకదని, వేసేటప్పుడే తెలుసు.

“ఆట నేర్చుకుందామని వచ్చాను మాస్టారూ.”

మూర్తి అతని నెరిసిన తలను, మోకాళ్ళను ఎగాదిగా చూసింది.

“ఇంతాలిస్యంగానా? మీ నాన్న ఇన్నాళ్ళూ పంపనేదేటి?”

“పంపనేదు,” అన్నాడు మోహిత్. “ఆయనకి తీరికుండీది కాదు.”